ఆఖరి రీలు రాని సినిమా

ఉద్యోగం వదిలాక నన్ను రెండు చోట్ల శాలువా కప్పడానికి పిలిచారు. రెండు చోట్లా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, ఆడవాళ్ళు రాని ఈ ఉద్యోగంలోకి మీరెలా వచ్చారు?" ఒక సినిమా చూసి వచ్చానని చెప్పాను. రెండు చోట్లా నవ్వారు. సినిమా చూసి హీరోయిన్ అవుదామనుకునే వాళ్ళుంటారు గానీ, పోర్ట్ బ్లెయిర్‌లో కొండమీది కంట్రోల్ రూంలో హెడ్‌ఫోన్ తగిలించుకుని పడవల్ని పిలిచే పనికి ఎవరొస్తారని వాళ్ళ ఉద్దేశం. నవ్వనీ. నేను అబద్ధం చెప్పలేదు.

నా కుర్చీలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. వీళ్ళలో సగం మందికి తెలుగు గడగడా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. రానివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి, వాళ్ళకీ కాలక్షేపం. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కాగితం ఏ బల్ల మీద ఆగింది అనేవి ఇందులో ఉండవు. అవి ఏ గుమాస్తానడిగినా చెబుతాడు. నేను చేసిన తప్పు ఒకటి, నాకు నచ్చని పై అధికారి ఒకడు, ఆ సినిమా ఒకటి. నా సర్వీసంతా వడగడితే మిగిలింది ఇంతే.

చాతం మైదానంలో

మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. నాన్న సముద్రం మానేసి చాతం రంపపు మిల్లులో చేరాడు. నాకు పదేళ్ళప్పుడు మిల్లు దగ్గర ఖాళీ జాగాలో తెర కట్టి సినిమా వేశారు. అప్పట్లో సినిమాలు కూడా ఓడలోనే వచ్చేవి. బియ్యం, ఉల్లిపాయలు, ఉత్తరాలు, వాటి మధ్య రీళ్ళ డబ్బాలు. ఓడ ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే.

ఆ రోజు వేసింది ఇంగ్లీషు సినిమా. మాటలు ఎవరికీ అర్థం కావు. ప్రొజెక్టర్ తిప్పే ఆయన మైకులో హిందీలో కథ చెబుతుంటే, దాన్ని అప్పన్న మావ మా వరసలో వాళ్ళకి తెలుగులో చెప్పాడు. అప్పన్న మావ నాన్నకి స్నేహితుడు. సొంత డింగీ, అంటే చిన్న మోటారు పడవ, ఉన్నవాడు. చెప్పేదాంట్లో సగం తనే కలిపేవాడు. కథ ఏమిటంటే, ఒక మనిషి రాకెట్లో ఒంటరిగా చాలా దూరపు గోళానికి వెళతాడు. దానికి రెండు చందమామలు. రెండో చందమామ వెనక్కి వెళ్ళాక అతని మాట ఆగిపోతుంది. భూమ్మీద ఒక గదిలో ఒక అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని అతన్ని పిలుస్తూ ఉంటుంది. పై అధికారులు ఒక్కొక్కరే వచ్చి ఇక చాలంటారు. ఆమె వినదు. గదిలో దీపాలు ఆర్పేస్తారు. ఆమె బల్ల మీద ఒక్క దీపం మిగులుతుంది. ఆమె పిలుస్తూనే ఉంటుంది.

అక్కడ తెర తెల్లబడింది. ఆఖరి రీలు డబ్బా ఓడలో రాలేదట. మద్రాసులోనే ఉండిపోయిందన్నారు. వచ్చే ఓడలో వస్తుందన్నారు. నాలుగు ఓడలు వచ్చాయి గానీ ఆ డబ్బా రాలేదు.

"ఆడొచ్చేత్తాడు," అన్నాడు అప్పన్న మావ, ఇంకా తెర విప్పుతుండగానే. "అంత ఇంజను కట్టినోళ్ళు మనిసిని దింపుకోకుండా ఉంటారేటి?"

"రాడు," అన్నాడు పోలయ్య. పోలయ్య అతని బావమరిది. ఇద్దరూ ఒకే డింగీ మీద పనిచేసేవారు. "మాట ఆగిపోయినోడు సంద్రంలోంచి ఎన్నడన్నా ఒచ్చినాడా? సినిమావోడికి మాత్రం యేరే సంద్రవా?"

ఆ తగువు ఇరవై ఏళ్ళు నడిచింది. ఎదురుగట్టు బంబూఫ్లాట్‌కి వెళ్ళే ఫెర్రీ కోసం నిలబడ్డవాళ్ళు పోలయ్యని చూసి "క్యా పోలయ్యా భయ్యా, రాకెట్టోడు వచ్చాడా?" అని అడిగేవారు. "మీ అప్పన్న ఎల్లి తెత్తాడంట, అడగండి," అనేవాడతను. పోర్ట్ బ్లెయిర్ కొండకి ఆగ్నేయంగా చాలా దూరంలో వాళ్ళకి చేపలు బాగా పడే చోటొకటి దొరికింది. పక్కవాళ్ళకి తెలియకుండా దానికి "రెండో చందమామ" అని పేరు పెట్టుకున్నారు. మా వాళ్ళలో నలుగురైదుగురికి తప్ప ఆ పేరు ఎవరికీ తెలియదు. చోటు తెలిసినవాళ్ళు అంతకన్నా తక్కువ. అప్పటికి నాకూ తెలియదు.

ఆ సినిమా ప్రపంచంలోకెల్లా గొప్పదని, తర్వాత వచ్చిన రాకెట్ సినిమాలన్నీ దాని బిడ్డలేనని ఈ మధ్య చదివాను. అయ్యుండొచ్చు. ఆ రాసినవాళ్ళెవరికీ అది చాతం మైదానంలో ఏం చేసిందో తెలియదు. ఇక్కడ దాని ప్రభావం తగువులాడే ఇద్దరు మగవాళ్ళు, ఒక చేపల చోటు, ఒక నేను.

గొంతు కాదు, చెవి

కాలేజీలో ఫిజిక్సు చదివి, మద్రాసులో వైర్లెస్ కోర్సు చేసి వచ్చాను. గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. సినిమాలో అమ్మాయిలాగా గొంతు నిలకడగా ఉంటే చాలనుకున్నాను. నెల తిరగకుండా ఆ భ్రమ పోగొట్టినవాడు మా ఇన్‌ఛార్జ్ మిశ్రాజీ.

మిశ్రాజీ గురించి, చనిపోయినవారిని పొగిడినట్టు రాయను. ఆయన నోరు చెడ్డది. మెచ్చుకోవడం చేతకాదు. ఛాయ్ చల్లారినా ఎవరో ఒకరి మీద అరిచేవాడు. పడవలవాళ్ళతో నేను తెలుగులో మాట్లాడితే ఆయనకి గిట్టేది కాదు.

"మేడమ్, ఛానల్ మీద హిందీ లేదా ఇంగ్లీష్. ఇది మచ్లీ బజార్ కాదు."

"సాబ్, బజారుకి చేప ఎక్కణ్ణించి వస్తుందనుకుంటున్నారు?"

"జవాబివ్వడం తగ్గించి వినడం పెంచితే మీరు బాగుపడతారు."

ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆయన నియమాలు రెండు. ఒకటి, చెవిలో పడ్డ ప్రతి చప్పుడూ లాగ్ పుస్తకంలో పెన్నుతో రాయాలి, అర్థమైనా కాకపోయినా. రెండోది, ఎంత చిరాకొచ్చినా రాసింది కొట్టెయ్యకూడదు. గాలి గరగర కూడా రాయిస్తుంటే ఈ మనిషికి పిచ్చి అనుకునేదాన్ని. నా వాళ్ళ ప్రాణం నిలబెట్టింది తర్వాత ఆ పిచ్చే.

అడగని ప్రశ్న

డింగీలకి చేతిలో పట్టే వైర్లెస్ సెట్లు కొత్తగా వచ్చిన రోజులవి. దాంతోపాటు ఒక రూలు వచ్చింది. పడవ రేవు దాటేటప్పుడు ఎటు వెళుతోందో మాకు చెప్పాలి, మేము రాసుకోవాలి. రూలు రాసినవాళ్ళెవరూ మా రేవులో పుట్టినవాళ్ళు కాదు. వేటకి బయల్దేరినవాణ్ణి ఎక్కడికి అని మా ఇళ్ళలో ఎవరూ అడగరు. భార్య కూడా అడగదు. అడిగితే ఆ రోజు వల ఖాళీగా వస్తుందని, అంతకన్నా చెడ్డదీ జరగొచ్చని నమ్మకం. పైగా ఛానల్ మీద చెబితే తక్కిన పడవలన్నీ వింటాయి. చేపల చోటు ఎవరు చెబుతారు?

కాబట్టి మావాళ్ళు అబద్ధం చెప్పేవారు. తూర్పుకి వెళ్ళేవాడు పడమర అనేవాడు. అందరికీ కలిపి బాగా నచ్చిన అబద్ధం "ఉత్తరం, మాయాబందర్ వైపు". నా పుస్తకం ప్రకారం మా రేవులో డింగీలన్నీ రోజూ మాయాబందర్ వెళ్ళొస్తుండేవి. అక్కడిదాకా వెళ్ళే డీజిల్ వాళ్ళెవరి దగ్గరా ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా రాసుకునేదాన్ని. గదిలో తక్కిన ఆపరేటర్లకి ఈ ఆచారం తెలియదు. నాకు తెలుసునని లోలోపల గర్వం. మా వాళ్ళ మర్యాద కాపాడుతున్నానని అనుకునేదాన్ని. చదువుకున్నదాన్ని, రేవులో పుట్టినదాన్ని, రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఆ గదిలో. ఆ పుస్తకం సరిచెయ్యగలిగినదాన్నీ నేనే. చెయ్యలేదు.

ఒక సోమవారం తెల్లవారుజామున అప్పన్న మావ డింగీ బయల్దేరింది. అందులో ముగ్గురు. మావ, పోలయ్య, మావ అల్లుడు గణేష్. వెళ్ళే దిక్కు చెప్పింది గణేష్, రేవులో పక్క డింగీ సెట్టులోంచి. "ఉత్తరం, మాయాబందర్ వైపు." డ్యూటీలో నేనే ఉన్నాను. నవ్వుకుంటూ రాసుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి రావలసిన పడవ రాలేదు. సాయంత్రం మావ భార్య నూకాలమ్మత్త ఎవరినో పంపి కబురు చెప్పించింది. బుధవారం పొద్దున లాంచీలు వెతకడానికి బయల్దేరాయి. ఎటు వెళ్ళాయంటారా? లాగ్ పుస్తకం ఎటు చూపిస్తే అటు. ఉత్తరానికి. మాయాబందర్ నుంచి కూడా ఒకటి దక్షిణానికి వచ్చింది. రెండూ మధ్యలో కలుసుకున్నాయి. ఏమీ దొరకలేదు.

నేను బుధవారమంతా పిలుస్తూనే ఉన్నాను. సినిమాలో అమ్మాయిలాగే. "అప్పన్న మావా, ఎక్కడున్నావు? సమాధానం చెప్పు." పది నిమిషాలకోసారి అదే పిలుపు. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి హెడ్‌ఫోన్‌లో టక్ టక్ అని వినిపించింది. రెండుసార్లూ పుస్తకంలో "అంతరాయం" అని రాసి మళ్ళీ పిలిచాను.

ఆ ముగ్గురూ ఉత్తరానికి వెళ్ళలేదని నాకు మంగళవారం నుంచే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ పుస్తకం నిండా నా చేతిరాతే. నా ఊరివాళ్ళు అబద్ధం చెబుతారని మిశ్రాజీ ముందు నా నోటితో చెప్పాలి, ఆ అబద్ధాలు తెలిసే రాశానని కూడా చెప్పాలి. ఇప్పటి పిల్లలకి ఒక సంగతి. సిగ్గు వల్ల ఆగిన ఆ రెండు రాత్రులూ లేకపోతే ఈ కథ వేరేగా ఉండేది.

బుధవారం రాత్రి డ్యూటీ కూడా నేనే చేసి, గురువారం పొద్దున్న ఎనిమిదింటికి పక్క బల్లవాణ్ణి ఒక్క నిమిషం నా ఛానల్ కూడా వినమని చెప్పి, ఆయన గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

"సాబ్, వాళ్ళు ఉత్తరానికి వెళ్ళలేదు. రిజిస్టర్ అబద్ధం. అన్నీ అబద్ధాలే, నాకు తెలుసు."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. సస్పెన్షన్ అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"రోనా బాద్ మే," అన్నాడు. ఏడుపు తర్వాత పెట్టుకుందువులే అని. "సరైన చోటు ఎవరికి తెలుసు?"

"వాళ్ళ ఇంట్లో తెలిసుండొచ్చు. చాతంలో."

"అయితే ఇక్కడేం చేస్తున్నావ్? పో."

"సాబ్, నా తర్వాత డ్యూటీవాడు ఇంకా రాలేదు. కుర్చీ..."

మిశ్రాజీ లేచి ఆపరేటర్ల గదిలోకి నడిచాడు. నా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్‌ఛార్జ్ అయ్యాక ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం గదిలో ఎవరూ చూడలేదు. హెడ్‌ఫోన్ ఆయన తలకి చిన్నదైంది. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పెన్ను తీశాడు.

"కుర్చీ ఖాళీగా లేదు," అన్నాడు. "ఇప్పుడు పో."

నూకాలమ్మత్త

ఇంటి ముందు ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. అత్త లోపల గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. నన్ను చూసి కాళ్ళు పక్కకి తీసుకుని చోటిచ్చింది.

"అత్తా, మావ ఎక్కడికెళ్ళాడు?"

గుమ్మం దగ్గర ఒకామె గబుక్కున నా భుజం పట్టుకుంది. "ఒలే సత్తీ, అదేటి అడగడం, ఇంకా రాకుండానే? సదువుకున్నదానివి, నీకు తెలీదేటి?"

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. అత్తా, ఎక్కడికెళ్ళాడు?"

 అత్త చాలా మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "రెండో చందమావకి."

"అదెక్కడ?"

"కొండ బెత్తెడు కనపడీదాకా ఎల్తారంట. పొద్దు పొడిసీవైపుకీ, దచ్చినానికీ మజ్జిలో. మీ మావ నాకు సెప్పకూడదు, నేను ఇనకూడదు. ముప్పయ్యేళ్ళు కాపురం సేసినాక ఏది ఇనకుండా ఉంతాం?"

"మంగళవారమే ఎందుకు చెప్పలేదు అత్తా?"

"నువ్వు అడగనేదు గదే. ఆపీసోళ్ళు ఎవుళూ అడగనేదు. అంతా ఒచ్చి ధైర్నెం సెప్పి పోతన్నారు." ఇంకో మాట కూడా అంది. "ఇంకోటి గూడా ఇను. ఆ సెట్టు ఉప్పునీళ్ళలో పడింది. పది రోజులయ్యింది. మీ మాటలు ఈళ్ళకి ఇనపడతాయి, ఈళ్ళ మాట మీకు ఇనపడదు. ఆపీసుకి తెత్తే తిడతారని దాసేసినాడు."

నాకు అప్పుడు ఆ గది, ఆ ఆడవాళ్ళు ఏమీ కనిపించలేదు. నా చేతిరాతలో రెండుసార్లు రాసిన "అంతరాయం" ఒక్కటే కనిపించింది. మాట పోయినా మీట నొక్కితే అవతల టక్ మని వినిపిస్తుంది. బుధవారం రెండుసార్లు మావ నాకు జవాబు చెప్పాడు. నేను దాన్ని గాలి గరగర అనుకుని, నోరున్నవాళ్ళు మాత్రమే చెప్పగలిగే జవాబు కోసం మళ్ళీ మళ్ళీ అడిగాను.

ఆ సినిమాతో నాకున్న పేచీ ఇదే. ఆ అమ్మాయి కూడా "ఎక్కడున్నావు, మాట్లాడు" అనే అడుగుతుంది. చూసేవాళ్ళకి గుండె కరుగుతుంది. అవతలివాడికి పనికి రాదు. పిలవడం గొప్ప సంగతని ఆ సినిమా నాకు నేర్పింది. జవాబు చెప్పగలిగేలా పిలవాలని నేర్పలేదు. అది నూకాలమ్మత్త నేర్పింది.

రెండు నొక్కులు

నేను తిరిగొచ్చేసరికి మిశ్రాజీ అదే కుర్చీలో ఉన్నాడు. పుస్తకంలో ఆయన రాసిన వరసలు చూశాను. "8.40 - చప్పుడు, ఒకటి." "9.15 - చప్పుడు, రెండు." అంతరాయం అనే మాట ఎక్కడా లేదు. విన్నది విన్నట్టు రాశాడు, దానికి అర్థం తనే చెప్పెయ్యలేదు. ఆ తేడా ఇప్పుడు చదివే మీకు చిన్నదిగా కనిపించొచ్చు. కుర్చీలో కూర్చున్నాక కనిపించదు.

నేను చెప్పిందంతా విని లాంచీలకి దిక్కు మార్చమని ఫోన్ చేశాడు. తర్వాత కుర్చీ నాకిచ్చి, సముద్రపు చార్టు పరుచుకుని నా పక్కన నిలబడ్డాడు.

"మాట్లాడు. నీ భాషలోనే మాట్లాడు," అన్నాడు.

"అప్పన్న మావా, నేను సత్యవతిని. నీ సెట్టు సంగతి అత్త చెప్పింది. వినబడితే మీట రెండుసార్లు నొక్కు."

గదిలో ఫ్యాను ఆపించాం. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పాక వచ్చింది. టక్. టక్.

మిశ్రాజీ నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"అవునంటే రెండు, కాదంటే ఒకటి. కొండ కనబడుతోందా?" రెండు. "నిన్నటికన్నా చిన్నదైందా?" రెండు. ఇంజను ఆగి కొట్టుకుపోతున్నారన్నమాట. సెట్టు కట్టేసి, పొద్దు పడమటికి వాలాక మళ్ళీ తియ్యమని చెప్పాను, బ్యాటరీ మిగలాలి కదా. పొద్దు వాలాక అడిగాను. "పొద్దు సరిగ్గా కొండ మీదుందా?" ఒకటి. "కొండకి ఎడమ చేతివైపు ఉందా?" రెండు. "చెయ్యి చాపి చూడు. పొద్దుకీ కొండకీ మధ్య జానెడుందా?" ఒకటి. "బెత్తెడుందా?" రెండు. ఒక్కొక్క జవాబూ నేను హిందీలో చెబుతుంటే మిశ్రాజీ గడియారం చూసి చార్టు మీద గీత గీశాడు. గీతలూ, అత్త చెప్పిన దూరమూ కలిసిన చోటు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి లాంచీకి చెప్పాడు.

లాంచీ అక్కడికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఇక అడగవలసింది ఏమీ లేదు. అప్పుడు ఒక ప్రశ్న అడిగాను. అడక్కుండా ఉండవలసింది.

"మావా, ముగ్గురూ బాగున్నారా?"

ఒకటే వచ్చింది. తర్వాత ఎంతసేపు విన్నా రెండోది రాలేదు.

మిశ్రాజీకి తెలుగు రాదు. అయినా అర్థమైంది. హిందీలో అన్నాడు. "వెతకడానికి పనికిరాని ప్రశ్న వెతుకుతున్నంతసేపూ అడగకూడదు. వాడు రెండు గంటలు ఆ జవాబుతో కూర్చోవాలి." అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పొద్దు గూకే ముందు లాంచీ వాళ్ళని చేరింది. మావ, గణేష్ బతికున్నారు. పోలయ్య ఆ పొద్దున్నే పోయాడు. జ్వరంతోనే వేటకి వెళ్ళాడట, మంచినీళ్ళు అయిపోయాక తట్టుకోలేకపోయాడు. బుధవారం లాంచీలు సరైన దిక్కుకి వెళ్ళి ఉంటే పోలయ్య ఇంటికొచ్చేవాడా అని నన్ను ఎవరూ అడగలేదు. మా వాళ్ళు అలాంటివి అడగరు. నేనే చెబుతున్నాను. వచ్చేవాడు. ఆ ఒక్క రోజూ నాది.

తర్వాత రేవులో ఇంటింటికీ తిరిగి కొత్త పద్ధతి పెట్టాను. ఛానల్ మీద దిక్కు చెప్పక్కర్లేదు. బయల్దేరే ముందు ఇంట్లో ఆడవాళ్ళకి చెబితే చాలు. అది నమ్మకానికి అడ్డం రాదు, ఎందుకంటే వాళ్ళు అడగరు, వీళ్ళే చెబుతారు. పడవ ఆలస్యమైతే మేము ఇంటికి ఫోన్ చేస్తాం. మొదట్లో గొణిగారు. అందరికన్నా ముందు ఒప్పుకున్నది అప్పన్న మావ. మిశ్రాజీ ఆ పద్ధతిని పై వాళ్ళకి తన పేరు మీద పంపించాడు. దాని మీద కూడా నేను ఆయనతో తగువు పడ్డాను. ఆ తగువులో నాదే న్యాయమని ఇప్పటికీ అంటాను.

ఆఖరి రీలు

నేను మానేసే ముందు ఏడాది మా గదిలోకి జ్యోతి అనే అమ్మాయి వచ్చింది. విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళ మనవరాలు. తెలుగు మాట్లాడుతుంది, హిందీలో ఆలోచిస్తుంది. నేను చెప్పిన సినిమా కథ విని ఫోన్‌లో వెతికి పట్టుకుంది. "దీదీ, పూర్తిగా ఉంది. ఆఖరిదాకా." మధ్యాహ్నం ఖాళీలో ఇద్దరం చూశాం. పదేళ్ళ వయసులో చూసిన తెల్లతెర తర్వాత ఏముందో చూశాను.

ఆ ఆదివారం అప్పన్న మావ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయన సముద్రం మాని చాలాకాలమైంది. గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు, అలవాటు కొద్దీ. పోలయ్య పోయాక ఆ సినిమా మాట ఆయన ఎత్తడం నేను వినలేదు.

"మావా, ఆఖరి రీలు చూశాను. చెప్పమంటావా?"

చేతులు ఆగాయి. "ఆడు ఒచ్చినాడా?"

"అది సరిగ్గా చెప్పలేను. విను. పైవాళ్ళు చెప్పీ చెప్పీ ఆ అమ్మాయిని ఒప్పిస్తారు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోతుంది. తలుపు మూసుకుంటుంది. గది ఖాళీ. అప్పుడు హెడ్‌ఫోన్‌లోంచి అతని గొంతు వినిపిస్తుంది. పిలుస్తాడు. అక్కడితో అయిపోయింది."

మావ వల పక్కన పెట్టాడు. 

"అయితే పోలిగాడు తప్పే," అన్నాడు. "రాకెట్టోడు బతికే ఉన్నాడు. నేనూ తప్పే. ఆడు రానేదు."

"అలాగే ఉంది మావా."

"నాను పడవలో మీట నొక్కితన్నప్పుడు పోలిగాడు ఏటన్నాడో తెల్సా? 'ఒరే బావా, ఆ గదిలో ఎవులూ ఉండరొరే, సత్తి ఇంటికెల్లిపోయుంతాది' అన్నాడు. నాను నొక్కతానే ఉన్నాను." వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. రెండు ముళ్ళు వేశాక తల ఎత్తకుండా అన్నాడు. "ఆ సినిమా పిల్లకి పాపం, మిశ్రాజీ నేకపోయినాడు."

నా ఉద్యోగం మొత్తం మీద నేను విన్న అత్యుత్తమ సినిమా విమర్శ అది. ప్రపంచమంతా ఆ ముగింపుని మెచ్చుకుంటుందట, మనిషి ఒంటరితనం గురించి గొప్పగా చెప్పిందని. ఒంటరితనం కాదు, డ్యూటీ మార్పిడి సరిగ్గా జరగలేదు. ఆమె అలసిపోవడం తప్పు కాదు. ఇంటికి వెళ్ళడం తప్పు కాదు. తన బదులు ఎవరూ కూర్చోకుండా లేవడం తప్పు, లేవమన్న పెద్దవాళ్ళలో ఒక్కడు కూడా ఆ కుర్చీలో కూర్చోకపోవడం అంతకన్నా తప్పు.

నా ఆఖరి రోజున నాలుగింటికి వీడ్కోలు సభ పెట్టారు. పూలదండలు, సమోసాలు, ఉపన్యాసాలు. నా తర్వాత డ్యూటీ జ్యోతిది. బంబూఫ్లాట్ నుంచి రావలసిన ఫెర్రీ ఆగిపోయిందని ఆమె నాలుగుంపావుకి ఫోన్ చేసింది. కింద హాల్లో అందరూ నా కోసం చూస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "మేడమ్, అయిదు నిమిషాలే కదా, దిగి రండి, ఏమవుతుంది," అన్నారు. మొదటివాడికి నెమ్మదిగా చెప్పాను. రెండోవాడికి అంత నెమ్మదిగా చెప్పలేదు.

జ్యోతి అయిదుంపావుకి పరుగెత్తుకుంటూ వచ్చింది, మొహమంతా చెమట. "సారీ దీదీ, మీ ఫంక్షన్ అంతా పాడైంది."

"ముందు కూర్చో," అన్నాను.

ఆమె కూర్చుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఒక చెవి సర్దుకుని, పెన్ను తీసి, టైము రాసింది. అప్పుడు నేను వెళ్ళడానికి తిరిగాను. సమోసాలు చల్లారిపోయాయి. తిన్నాను.